లెక్కల పేపరు పనితనం

ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది సగానికి వచ్చేసరికి చాలా ఇళ్లలో ఒకే చర్చ నడుస్తుంది. ఈఏపీసెట్ మీదే ఉండాలా, జేఈఈ మెయిన్‌కు గట్టిగా కూర్చోవాలా, అడ్వాన్స్‌డ్ దాకా పోవాలా, బిట్‌శాట్‌కు కూడా ఫీజు కట్టాలా? ఆ చర్చలోకి సీట్ల సంగతి వస్తుంది, ఫీజుల సంగతి వస్తుంది, మేనమామ కొడుక్కి వచ్చిన ర్యాంకు సంగతీ వస్తుంది. ప్రశ్నపత్రం సంగతి మాత్రం రాదు. నన్నడిగితే ముందుగా బల్ల మీద పెట్టాల్సింది దాన్నే. లెక్కల పేపరును ఎవరో కూర్చుని, ఆలోచించి, కొలిచి తయారుచేస్తారు. అదొక పనిముట్టు. బియ్యం తూచే కాటా, బంగారం తూచే త్రాసు రెండూ తూచేవే అయినా ఒకదాని పని ఇంకొకటి చేయలేదు. "మా అమ్మాయికి లెక్కలు బాగా వచ్చు" అనుకుంటే సరిపోదు. ఎలాంటి లెక్కలు, ఎంతసేపట్లో, ఎంత కచ్చితంగా వచ్చో తేలినప్పుడే ఆమె బలాన్ని ఏ పేపరు సరిగ్గా తూస్తుందో తెలుస్తుంది.

ఈ పనిముట్టులో అన్నిటికంటే ముఖ్యమైన భాగం గడియారం. ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 3 గంటలకు 160 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు 67 సెకన్ల చిల్లర. బిట్‌శాట్‌లో అదే 3 గంటలకు 130 ప్రశ్నలు, ప్రశ్నకు 83 సెకన్లు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, ప్రశ్నకు 144 సెకన్లు. 2024 అడ్వాన్స్‌డ్‌లో ఒక్కో పేపరుకు 51 ప్రశ్నలు వచ్చాయి, ప్రశ్నకు మూడున్నర నిమిషాలు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బీస్టాట్, బీమ్యాథ్ ప్రవేశ పరీక్షలో రెండో పేపరు రెండు గంటలు, ఎనిమిది ప్రశ్నలు. ఒక్కోదానికి పావుగంట. ఇవన్నీ ప్లస్‌టూ స్థాయి లెక్కల మీద కట్టినవే. అయినా ఒకచోట నిమిషం, ఇంకోచోట పావుగంట. ఈ ఒక్క తేడా నుంచే ప్రశ్నల తీరు, ఆప్షన్ల తీరు, మార్కుల తీరు అన్నీ పుట్టుకొస్తాయి.

1986లో ఎంసెట్‌గా మొదలై, ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి పేరు మార్చుకున్న మన ఈఏపీసెట్‌తోనే మొదలుపెడదాం. 160లో 80 ప్రశ్నలు లెక్కలవే. ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ప్రశ్నకు ఒక మార్కు, నెగెటివ్ మార్కులు లేవు. సగం పేపరు లెక్కలే ఉన్న ఇంజినీరింగ్ పరీక్ష ఈ వరసలో ఇదొక్కటే. మెయిన్‌లో, అడ్వాన్స్‌డ్‌లో లెక్కల వాటా మూడో వంతు. బిట్‌శాట్‌లో 390 మార్కులకు 120. లెక్కల్లో చురుగ్గా ఉండి కెమిస్ట్రీ దగ్గర తడబడే విద్యార్థికి ఈ వాటా ఎంత మేలు చేస్తుందో ఎవరైనా వేసుకోగల లెక్కే.

నిమిషంలో తేలే ప్రశ్న తయారుచేయడం తేలిక అనుకుంటాం. ఆ నమూనాలో ఒకటి నేనే రాసి చూపిస్తాను. "ఎక్స్² + వై² − 6ఎక్స్ − 10వై + 9 = 0 అనే వృత్తం వై-అక్షం మీద చేసే అంతరఖండం పొడవు ఎంత?" ఆప్షన్లు: 0, 4, 8, 10. సెకండియర్ పుస్తకంలో వృత్తం పాఠం చదివినవాళ్లకు సూత్రం నోటికే ఉంటుంది: 2√(ఎఫ్² − సీ). ఎఫ్ విలువ −5, సీ విలువ 9. 25లోంచి 9 తీస్తే 16, వర్గమూలం 4, రెండింతలు 8. జవాబు 8. ఇప్పుడు మిగతా మూడు ఆప్షన్లను చూడండి. ఎఫ్ బదులు ఎక్స్ వైపు విలువ జీ (−3) తీసుకున్నవాడికి 9 − 9 వచ్చి 0 తేలుతుంది. సూత్రంలో ముందున్న 2 మరిచినవాడికి 4 వస్తుంది. అంతరఖండం అనగానే వ్యాసం గుర్తొచ్చినవాడికి వ్యాసార్థం 5, వ్యాసం 10. నాలుగు ఆప్షన్లలో ఊరికే పెట్టిన అంకె ఒక్కటీ లేదు. తొందరలో చేయి ఎక్కడెక్కడ జారుతుందో ముందే ఊహించి, జారిన ప్రతి చోటా ఒక జవాబును సిద్ధంగా ఉంచడమే ఇందులో పనితనం. అదే ప్రశ్నలో ఇంకో దారి కూడా దాగి ఉంది. సూత్రం గుర్తుకు రాకపోతే ఎక్స్ చోట 0 పెట్టండి. వై² − 10వై + 9 = 0 మిగులుతుంది. మూలాలు 1, 9. వాటి మధ్య దూరం 8. సూత్రం తెలిసినవాడూ, సూత్రం ఎక్కడి నుంచి పుట్టిందో తెలిసినవాడూ ఇద్దరూ నిమిషంలోపే గట్టెక్కుతారు. మంచి ప్రశ్న ఇద్దరికీ దారి ఇస్తుంది.

ఇలాంటివి 80. ఫస్టియర్, సెకండియర్ పుస్తకాల్లోని అన్ని మూలల నుంచీ వస్తాయి. ఏళ్ల తరబడి తెలుగు అకాడమీ పుస్తకాల్లో ఉన్న అక్ష పరివర్తన, సరళరేఖాయుగ్మాలు, హైపర్బోలిక్ ఫంక్షన్లు, పాక్షిక భిన్నాలు, వృత్త సరణుల్లాంటి పాఠాలకు జేఈఈలో అంత చోటు ఉండదు. ఇక్కడ వాటికి గౌరవం ఉంది. పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివి, ప్రతి సూత్రాన్నీ చేతివేళ్ల మీద ఉంచుకున్న విద్యార్థికి ఈ పేపరు న్యాయం చేస్తుంది. ఈఏపీసెట్‌ను చిన్నచూపు చూడడం ఒక అలవాటైపోయింది. నాకది నచ్చదు. 80 చిన్న ప్రశ్నల్లో వరసగా చేయి వణక్కుండా ఉండడం చిన్న విద్య కాదు.

జేఈఈ మెయిన్‌కు వచ్చేసరికి గడియారం రెండింతలకు పైగా సాగుతుంది. ప్రశ్నలో కీలు కూడా ఒకటి నుంచి రెండవుతాయి. 2025 నుంచి సబ్జెక్టుకు 25 ప్రశ్నలు. వాటిలో 20 ఆప్షన్లతో, 5 అంకె నింపేవి. సరైన జవాబుకు 4, తప్పుకు ఒకటి కోత. ఆ అయిదింటిలోనే ఈ పేపరు అసలు స్వభావం తెలుస్తుంది. ఒక ఉదాహరణ: "ఎక్స్² − ఎక్స్ − 1 = 0 మూలాలు ఆల్ఫా, బీటా అయితే, ఆల్ఫా పదో ఘాతం, బీటా పదో ఘాతం మొత్తం ఎంత?" మూలాలు (1 + √5)/2, (1 − √5)/2 అని రాసుకుని పదో ఘాతానికి ఎక్కించబోయినవాడి రఫ్ షీట్ నిండిపోతుంది. సమీకరణాన్నే ఇంకోసారి చూసినవాడికి వేరే సంగతి కనిపిస్తుంది. ఎక్స్² = ఎక్స్ + 1 కాబట్టి, ప్రతి ఘాతానికీ వచ్చే మొత్తం దాని ముందున్న రెండు మొత్తాల కూడికే. సున్నా ఘాతానికి మొత్తం 2, ఒకటో ఘాతానికి 1. అక్కడి నుంచి 3, 4, 7, 11, 18, 29, 47, 76, 123. తొమ్మిది కూడికల్లో పని ముగిసింది.

దీనికే ఆప్షన్లు ఉంటే మూడో దారి తెరుచుకునేది. బీటా విలువ సుమారు −0.618. పదో ఘాతానికి వచ్చేసరికి అది దాదాపు మాయమవుతుంది. ఆల్ఫాను 1.618 అనుకుని రెండు మూడుసార్లు వర్గం చేసి, దగ్గర్లో ఉన్న ఆప్షన్‌కు గురిపెట్టవచ్చు. అంకె నింపమన్నప్పుడు ఆ తలుపు చాలా వరకు మూసుకుంటుంది. ఆప్షన్లు తీసేయడం ద్వారా ఊహించి దగ్గరకు రాగలవాణ్నీ, నిర్మాణాన్ని చూడగలవాణ్నీ వేరుచేస్తున్నారు. పరీక్ష తయారుచేసేవాళ్లు చేసిన ఎంత చిన్న మార్పు ఎంత పెద్ద పని చేస్తుందో చూడండి. మెయిన్‌ను 2021 నుంచి తెలుగులో కూడా రాయవచ్చు. ఇద్దరి మొత్తం స్కోరు సమానమైతే ముందుగా చూసేది లెక్కల స్కోరునే.

ఇక మార్కుల కొలతల్లో ఉన్న నేర్పు. దీన్ని చూస్తే నాకెప్పుడూ ముచ్చటేస్తుంది. ఏమీ తెలియని నాలుగు ప్రశ్నలకు కళ్లు మూసుకుని నాలుగు జవాబులు పెట్టాడనుకుందాం. నాలుగు ఆప్షన్లలో ఒకటే సరైనది కాబట్టి సగటున ఒకటి తగులుతుంది, మూడు పోతాయి. ఈఏపీసెట్‌లో అతనికి ఒక మార్కు మిగులుతుంది. కాబట్టి అక్కడ ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. మెయిన్‌లో 4 వచ్చి 3 పోతాయి. మిగిలేది 16కు 1. బిట్‌శాట్‌లో సరైనదానికి 3, తప్పుకు ఒకటి కోత. మూడు వచ్చి మూడు పోతాయి, చేతిలో సరిగ్గా సున్నా. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మొదటి పేపరులో ఇంకో పద్ధతి. 30 ప్రశ్నలు, సరైన జవాబుకు 4, తప్పుకు సున్నా, ఖాళీగా వదిలితే 1. నాలుగింటినీ గుడ్డిగా పెట్టినవాడికి సగటున 4 వస్తాయి. నాలుగింటినీ వదిలేసినవాడికీ 4 వస్తాయి. తెలియదని నిజాయితీగా ఒప్పుకున్నవాడికి నష్టం లేకుండా, గుడ్డిగా విసిరినవాడికి లాభం లేకుండా తక్కెడ ముల్లు సరిగ్గా మధ్యలో నిలిచింది. గణాంకశాస్త్రం నేర్పే సంస్థ పరీక్షలో సంభావ్యత ఇంత పొందికగా కూర్చుని ఉండడం ఎంత బాగుందో!

ఒక్క ఆప్షన్‌ను నమ్మకంగా కొట్టేయగలిగితే ఈ లెక్క మారిపోతుంది. మెయిన్‌లో మూడింటిలో ఒకటి తగులుతుంది కాబట్టి మూడు ప్రశ్నలకు 4 వచ్చి 2 పోతాయి. బిట్‌శాట్‌లో 3 వచ్చి 2 పోతాయి. సగం తెలివికి సగం ప్రతిఫలం ఇచ్చే ఏర్పాటు ఇది. జవాబు పూర్తిగా రాకపోయినా, ఏది కాదో చెప్పగలగడం కొందరి బలం. గుర్తు చూసి, పరిమాణం చూసి, ఒక చిన్న విలువ ప్రతిక్షేపించి రెండు ఆప్షన్లను పక్కకు నెట్టగలిగే పిల్లలు ఉంటారు. వాళ్లకు మెయిన్, బిట్‌శాట్ రెండూ కలిసొస్తాయి. బిట్‌శాట్‌లో 130 ప్రశ్నలూ ముందే పూర్తిచేసినవాళ్లకు 12 అదనపు ప్రశ్నలు తీసుకునే వీలుంది. అయితే ఒకసారి అటు వెళ్తే పాత జవాబులు దిద్దుకోవడానికి వెనక్కి రానివ్వరు. వేగమే బలంగా ఉన్నవాడికి అది బహుమతి. రెండోసారి సరిచూసుకుంటేగానీ నిద్రపట్టనివాడు దాని జోలికి పోకపోవడమే మంచిది.

అడ్వాన్స్‌డ్ వీటన్నిటికంటే వేరు. మెయిన్‌లో పైన నిలిచిన రెండున్నర లక్షల మందికే అందులోకి ప్రవేశం. వరసగా రెండేళ్లలో రెండుసార్లకు మించి రాయనివ్వరు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లో, హిందీలో మాత్రమే ఉంటుంది. మార్కుల పద్ధతి ఆ రోజు పేపరులోని సూచనల్లో చదివితేగానీ తెలియదు. అందుకే సూచనలు చదవడం కూడా పరీక్షలో భాగమే. 1961లో మొదలైన ఐఐటీల ఉమ్మడి పరీక్షలో చాలాకాలం పూర్తి సాధన రాసి చూపించాల్సి వచ్చేది. 2006 నుంచి మొత్తం ఆబ్జెక్టివ్ అయింది. రాసిన సాధన చదవకుండానే లోతును కొలవడం ఎలా? ఈ చిక్కుకు వాళ్లు కనుక్కున్న ఉపాయాల్లో నాకు గొప్పగా తోచేది ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్న.

ఒకటి దగ్గరగా చూద్దాం. ఎక్స్² సైన్(1/ఎక్స్) అనే ప్రమేయం తీసుకుని, సున్నా దగ్గర దాని విలువ 0 అనుకోండి. నాలుగు వాక్యాలు ఇస్తారు. ఎ: సున్నా దగ్గర అవకలనీయం. బి: దాని అవకలజం సున్నా దగ్గర అవిచ్ఛిన్నం. సి: 0, 1 మధ్య అవకలజం సున్నా అయ్యే చోట్లు అనంతం. డి: సున్నాకు కుడిపక్కన ఎంతో కొంత దూరం ప్రమేయం పెరుగుతూనే పోతుంది. ఎ నిజం, నిర్వచనం నుంచి రెండు వరసల్లో తేలుతుంది. అవకలజం తీస్తే 2ఎక్స్ సైన్(1/ఎక్స్) − కాస్(1/ఎక్స్) వస్తుంది. మొదటి పదం సున్నాకు చేరుతుంది, రెండోది 1కీ −1కీ మధ్య ఊగుతూనే ఉంటుంది. కాబట్టి బి తప్పు. ఆ ఊగడం వల్లే డి కూడా తప్పు. సికి మాత్రం అవకలజాన్ని సున్నాకు సమానం చేసి సాధించబోతే దారి దొరకదు. ప్రమేయం 1/పై, 1/2పై, 1/3పై దగ్గర సున్నా అవుతూ పోతుందని గమనించి, పక్కపక్క సున్నాల మధ్య రోలే సిద్ధాంతం వాడాలి. సి నిజం.

ఒక ప్రశ్నలో నాలుగు పరీక్షలు. నాలుగు ఆప్షన్ల నుంచి కనీసం ఒకటి ఎంచుకునే పద్ధతులు 15. గుడ్డిగా కొట్టి సరిగ్గా ఎ, సి మాత్రమే పెట్టే అవకాశం 15లో ఒకటి. ఎ, సి రెండూ పెట్టినవాడికి 4 మార్కులు. 2024 దాకా కొన్నేళ్లు నడిచిన పద్ధతిలో ఎ మాత్రం పెట్టి ఊరుకున్నవాడికి 1 మార్కు. ఎతో పాటు బి కూడా పెట్టినవాడికి 2 మార్కుల కోత. తనకు ఎంతవరకు తెలుసో అంతవరకే చెప్పి ఆగడం వచ్చినవాణ్ని ఈ కొలత గుర్తుపడుతుంది. "అవకలనీయమైతే అవకలజం అవిచ్ఛిన్నమే కదా" అని అలవాటుగా అనుకునేవాణ్నీ పట్టుకుంటుంది. లెక్కల్లో "ఎప్పుడూనా, ఒక్కోసారా" అని ఆగి అడిగే స్వభావం ఉన్న పిల్లలకు ఈ పేపరు తగినది.

ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ రెండో పేపరు పాతకాలపు పద్ధతిని నిలబెట్టింది. అక్కడ కలం, కాగితం, నిరూపణ. ఫిజిక్స్ లేదు, కెమిస్ట్రీ లేదు, లెక్కలే. బీస్టాట్ కోల్‌కతాలో, బీమ్యాథ్ బెంగళూరులో. ఆ తరహాలో ఒక ప్రశ్న: ఒకటి కంటే పెద్దదైన ఏ పూర్ణాంకానికైనా దాని నాలుగో ఘాతానికి 4 కలిపితే ప్రధానసంఖ్య రాదని నిరూపించండి. 2తో 20, 3తో 85, 4తో 260 వస్తాయి. ఇవి చూడగానే భాగించబడేవే. 5తో 629 వస్తుంది, కాసేపు అది ప్రధానసంఖ్యేమో అనిపిస్తుంది. కానీ 17 × 37. ఇలా ఎన్ని వేసినా నిరూపణ కాదు. ఎన్⁴ + 4ను (ఎన్² + 2)² − (2ఎన్)²గా రాయగలగాలి. అప్పుడు అది ఎన్² + 2ఎన్ + 2, ఎన్² − 2ఎన్ + 2 అనే రెండు కారణాంకాల లబ్ధం అవుతుంది. అంతటితో ఆగినా పూర్తి మార్కులు రావు. రెండో కారణాంకం (ఎన్ − 1)² + 1 కాబట్టి, ఎన్ ఒకటి కంటే పెద్దదైనప్పుడు అది కూడా 1 కంటే పెద్దదేనని చెప్పి ముగించాలి. ఆ ఆఖరి వాక్యం రాయాలని తోచడమే ఇక్కడ బలం. నిమిషానికో ప్రశ్న దాటలేక ఇంట్లో మందకొడి అనిపించుకునే పిల్లల్లో ఈ బలం తరచు కనిపిస్తుంది. ఆ సంగతి ఎవరూ వాళ్లకు చెప్పరు.

ఈ సంస్థతో మనకు పాత బంధుత్వం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1941లో కోల్‌కతా వెళ్లి ఇందులో చేరి, ప్రపంచం మెచ్చిన గణాంకవేత్త అయ్యారు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఆయనకు దక్కింది. అయినా మన జూనియర్ కాలేజీల్లో ఈ పరీక్ష పేరు వినిపించడం అరుదు.

మరి మీ ఇంట్లో విద్యార్థికి ఏది సరిపోతుంది? ఒక్కో పరీక్ష పాత పేపరు ఒకటి తీసి, లెక్కల భాగాన్ని మాత్రం గడియారం పెట్టి రాయించండి. మార్కులు కూడి వదిలేయకండి. పోయిన ప్రతి ప్రశ్న పక్కన ఎందుకు పోయిందో రాయించండి. ఈఏపీసెట్ పేపరులో చేసినవన్నీ సరైనవై, పాతిక ప్రశ్నలు చూడకుండానే మిగిలిపోతే లోపం వేగంలోనే ఉంది. అన్నీ చేసి, వృత్తం ప్రశ్నలోని 0, 4, 10 లాంటి జవాబుల దగ్గర జారితే లోపం నిదానంలో ఉంది. మెయిన్‌లో ఆప్షన్లున్నవి బాగా వచ్చి, అంకె నింపేవి రాకపోతే ఇంతకాలం ఆప్షన్లే చేయిపట్టి నడిపించాయని అర్థం. అడ్వాన్స్‌డ్ ప్రశ్నలో ఎ పెట్టి సి వదిలేస్తే పరవాలేదు, సాధనతో సరిపోతుంది. ఎతో పాటు బి కూడా పెడుతూ ఉంటే భావనల దగ్గరికే మళ్లీ వెళ్లాలి. నిరూపణ ప్రశ్న ముందు గంటసేపు విసుగు లేకుండా కూర్చున్నారంటే దాన్ని చిన్న విషయంగా తీసుకోకండి.

ఒకే పరీక్ష రాయమని నేననను. ఈఏపీసెట్, మెయిన్ రెండూ మన పిల్లలు ఎలాగూ రాస్తారు, రాయాలి కూడా. కానీ రోజూ చేసే సాధన మాత్రం ఒకదాని కొలతకే జరగాలి. నిమిషానికో ప్రశ్న చేసే చేతిని అదే వారంలో పావుగంట నిరూపణకు కూడా అలవాటు చేయబోతే చాలామందికి రెండూ కుదరవు. బిట్‌శాట్ తప్ప మిగతా పరీక్షల పాత ప్రశ్నపత్రాలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు వాటిని ప్రింటు తీసి, విద్యార్థితో కలిసి ఒకసారి చదవండి.